పిలిచింది పుంజును, వచ్చింది బాబ్‌క్యాట్: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం నుంచి నీవు పంపిన రచన అందింది, రెండుసార్లు చదివాను. ఓజార్క్ కొండల్లో పొరుగింటి దంపతులతో కలిసి టర్కీ కోళ్ళ వేటకు వెళ్ళిన ఉదయం, పుంజు కోసం ఎదురుచూస్తూ కూర్చున్న మీ వెనుకకు బాబ్‌క్యాట్ అనే పొట్టి తోక అడవిపిల్లి ఒకటి వచ్చి, చేయి చాస్తే అందేంత దూరంలో నిలబడిన సంగతి రాశావు. వాక్యం నీ చేతికి లొంగుతోంది, అందులో సందేహం లేదు. అయితే ఆ జంతువు రాకను "హఠాత్తుగా" అన్న ఒక్క మాటతో దాటవేసి, మిగిలిన రెండు పుటలూ నీ గుండె ఎంత వేగంగా కొట్టుకుందో చెప్పడానికే వెచ్చించావు. నా అభ్యంతరమంతా అక్కడే ఉంది. అది హఠాత్తుగా రాలేదు, మీరు పిలిస్తే వచ్చింది. ఆ పిలుపు ఎలా జరిగిందో చూపించగలిగితే నీ భయాన్ని నీవు ప్రత్యేకంగా వర్ణించవలసిన అవసరం ఉండదు.

వసంతకాలంలో సాగే ఈ వేట లక్షణం ఏమిటో ఆలోచించు. వేటగాడు తెల్లవారకముందే అడవి చేరి, తన భుజాలకన్నా వెడల్పైన చెట్టు మొదలుకు వీపు ఆనించి నేలమీద కూర్చుంటాడు. పుంజు కంటిచూపు చాలా నిశితమైనది, రంగులను కూడా చక్కగా గుర్తుపడుతుంది కాబట్టి ముఖానికి ముసుగు, చేతులకు తొడుగులు, ఒంటినిండా ఆకుల రంగు దుస్తులు వేసుకుని తన మనిషి రూపాన్ని పూర్తిగా చెరిపివేసుకుంటాడు. ఆ తరువాత చెక్కతో చేసిన బాక్స్ కాల్‌తోనో, పలక మీద పుల్ల గీసి పలికించే స్లేట్ కాల్‌తోనో, నోటిలో అంగిలికి ఆనించి పెట్టుకునే డయాఫ్రమ్ కాల్‌తోనో పెట్ట గొంతును అనుకరిస్తాడు. ఎదురుగా కొన్ని గజాల దూరంలో ఎరగా ఒక ప్లాస్టిక్ పెట్టబొమ్మను నిలుపుతాడు. ప్రకృతిలో మామూలుగా జరిగేది దీనికి తలకిందులు: పుంజు కూస్తుంది, పెట్టలే దాని దగ్గరికి నడిచి వెళతాయి. వేటగాడు ఆ క్రమాన్ని తిప్పివేసి, కదలకుండా ఒకేచోట ఉండి పదేపదే పిలిచే పెట్టగా మారతాడు. నేలమీద, పొదల చాటున, ఒంటరిగా ఉన్న అటువంటి పెట్ట పుంజుకు ఎంత ఆశ కలిగిస్తుందో, ఆకలితో తిరిగే మాంసాహారికీ అంతే ఆశ కలిగిస్తుంది.

పైగా కాలం కూడా అటువంటిదే. మిస్సోరీలో వసంతకాలపు వేట ఏప్రిల్ మూడవ వారం ప్రాంతంలో మొదలవుతుంది. ఇంచుమించు ఆ రోజుల్లోనే తోడేలును పోలిన కయోటీలకు, బాబ్‌క్యాట్లకు పిల్లలుంటాయి, వాటిని మేపడానికి పెద్దవి తెల్లవారిన తరువాత కూడా తిరుగుతుంటాయి. టర్కీ పెట్టలు కూడా అప్పుడే పది పన్నెండు గుడ్లు పెట్టి, చెట్టు మీద కాక నేలమీదే గూడు కట్టి, సుమారు 28 రోజులపాటు పొదుగుతాయి. రాత్రిళ్ళు కొమ్మల మీద నిద్రించి ప్రాణాలు కాపాడుకునే పక్షి తన జీవితంలో అతి ప్రమాదకరమైన రోజులను నేలకు అంటుకుని గడుపుతుంది. నేలమీది పెట్ట సులభంగా దొరికే ఆహారమని ఆ అడవిలోని ప్రతి వేటజంతువుకూ తెలుసు. మీరు కూర్చున్న ఆ కొండవాలు మీద అందరూ ఒకే పెట్ట కోసం వెతుకుతున్నారు, ఆ పెట్ట గొంతు మీ పొరుగింటాయన నోటిలో ఉంది. నీ కథకు పునాది ఇదే. నీ రచనలో మాత్రం దీని జాడే లేదు.

ఇక వచ్చిన జంతువు ఏదన్నది చిన్న విషయం కాదు. ఒక్కొక్కటి ఒక్కొక్క తీరున వస్తుంది, దాన్నిబట్టి కథనపు నడక మారాలి. కయోటీ తోడేలుకన్నా చిన్నది, నక్కకన్నా పెద్దది. బొమ్మ కంటపడితే చాలాసార్లు దుడుకుగా పరుగెత్తుకు వస్తుంది, లేదా గాలివాటు కిందికి చుట్టుతిరిగి వచ్చి ముక్కుతో విషయం తేల్చుకుంటుంది. టర్కీకి వాసన పసిగట్టే శక్తి బహు తక్కువ కాబట్టి, జింకల వేటగాడిలా టర్కీ వేటగాడు గాలి ఎటు వీస్తోందో పెద్దగా పట్టించుకోడు. ఆ నిర్లక్ష్యం కయోటీకి వరం. మనిషి వాసన తగలగానే వచ్చిన దారినే మాయమవుతుంది. అందువల్ల కయోటీ కథలు సాధారణంగా పొట్టిగా ఉంటాయి, పొట్టిగానే రాయాలి.

బాబ్‌క్యాట్ సంగతి వేరు. అది ప్రధానంగా కంటినీ చెవినీ నమ్ముకుని వేటాడుతుంది. నాలుగడుగులు వేసి ఆగుతుంది, కూర్చుంటుంది, చాలాసేపు చూస్తుంది, మళ్ళీ నాలుగడుగులు. బొమ్మ దగ్గరికే కాక, శబ్దం పుట్టిన చోటికి, అంటే వేటగాడి దగ్గరికి కూడా వస్తుంది. స్లేట్ కాల్ మీద పుల్ల కదిపే చేతినో, కొద్దిగా తిరిగే తలనో పక్షిగా పొరబడి, వేటగాడి భుజం మీదికో తల మీదికో దూకిన ఉదంతాలు అమెరికాలో నమోదై ఉన్నాయి. పది కిలోల పైచిలుకు బరువుండే పిల్లి గోళ్ళతో నెత్తిమీద పడితే ఏమవుతుందో ఊహించుకో. వేటగాళ్ళు వెడల్పైన చెట్టును ఎన్నుకోవడానికి మొదటి కారణం ఈ పిల్లి కాదు, వెనకనుంచి పెట్ట కూత విని తుపాకీ ఎత్తే మరో వేటగాడు. అయినా ఆ చెట్టే పిల్లినుంచి కూడా కాపాడుతుంది. నీవు మాత్రం లేత మొక్క దగ్గర, వీపుకు ఏ ఆసరా లేకుండా కూర్చున్నానని రచన ఆరంభంలో రాసి, ఆ వివరాన్ని మరచిపోయావు. మొదటి పుటలో దాన్ని మామూలు అసౌకర్యంగా చెప్పి, మూడవ పుటలో దాని అర్థం పాఠకుడికే తట్టేటట్లు చేయి.

పిల్లి రాకను పాఠకుడు నీకన్నా ముందు పసిగట్టాలి. అందుకు అడవే ఎన్నో ఆనవాళ్ళు ఇస్తుంది. అంతవరకూ ప్రతి పిలుపుకూ బదులిచ్చిన పుంజు ఒక్కసారిగా మౌనం వహిస్తుంది. నీలి జే పిట్టలు ఒకచోట చేరి గోల చేస్తాయి. ఉడుత ఆపకుండా అరుస్తుంది. సమీపంలో నిజమైన పెట్ట ఏదైనా ఉంటే, ముక్కలు ముక్కలుగా "పుట్, పుట్" అని హెచ్చరిక ధ్వని చేస్తుంది. పెరట్లో కోళ్ళు పెంచిన తెలుగువాడికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. గద్ద నీడ పడినప్పుడు పిల్లలకోడి గొంతు ఎలా మారుతుందో వాడికి తెలుసు. ఈ గుర్తులలో ఏవి ఆ ఉదయం నిజంగా జరిగాయో నీ పొరుగువారిని అడుగు. వారు అనుభవజ్ఞులు, నీవు వినలేనివి విని ఉంటారు. జరగనివి మాత్రం కల్పించవద్దు. ఒక్క జే పిట్ట అరుపు నిజమైనది దొరికినా చాలు.

మన ప్రబంధాలలో వేట అంటే కుక్కలు, వలలు, డప్పులు, కేకలు. అడవిని కదిలించి మృగాన్ని బయటికి రప్పించే ఆ సంప్రదాయం మన చెవుల్లో ఇంకా మోగుతూనే ఉన్నందువల్ల కాబోలు, మనవాళ్ళు వేట గురించి రాయగానే వాక్యాలు పరుగెత్తడం మొదలుపెడతాయి. నీ రచనలోనూ అదే జరిగింది. కానీ ఈ వేటలోని బిగువంతా కదలకూడదన్న నిర్బంధంలో ఉంది. పుంజు 40 గజాల లోపలికి వచ్చేదాకా కనురెప్ప వేయడానికి కూడా ఆలోచించే మనిషికి వెనుక ఆకులు కదిలిన చప్పుడు వినబడితే, తిరిగి చూడాలన్న కోరికకూ చూడకూడదన్న నియమానికీ మధ్య నలిగే ఆ కొద్ది నిమిషాలను సాగదీయాలి. దోమ వాలడం, కాలు తిమ్మిరెక్కడం, ముసుగు లోపల ఊపిరి వేడి, ఇవన్నీ అక్కడికి తీసుకురా. నీవు దీన్ని రెండు వాక్యాలలో ముగించి, పిల్లి ముఖం మీదికి గెంతావు.

ఆ ముఖాన్ని కూడా మరోసారి చూడు. "నన్ను చంపాలన్న కసి దాని కళ్ళలో కనిపించింది" అని రాశావు. అది నిన్ను చంపడానికి రాలేదమ్మా, నీవు మనిషివని దానికి తెలియదు. నీవు చూసింది ఒక వేటజంతువు తన పొరపాటును గ్రహించే క్షణాన్ని. చెవులు వెనక్కి వాలడం, ముందుకు వేసిన పాదం గాలిలో ఆగిపోవడం, నల్లటి పట్టీలున్న పొట్టి తోక ఒకసారి విదిలించడం వంటివి నీవు నిజంగా చూసి ఉంటే వాటినే రాయి. అడవిలో మనిషికి పులి ఎదురైతే మనిషి ఆశ్చర్యం గురించే మనం ఎప్పుడూ రాస్తాం. ఈ సంఘటనలో ఎక్కువగా ఆశ్చర్యపోయింది బాబ్‌క్యాటే. పెట్ట ఉండవలసిన చోట దానికి రెండు కళ్ళున్న పొద కనిపించింది.

మరొక మాట కాస్త కటువుగా చెబుతాను. చివరికి వచ్చేసరికి అది "కూగర్ అయినా కావచ్చు" అని, అంటే కొండసింహమనే పెద్ద పిల్లి కావచ్చని, ఒక అనుమానం చేర్చావు. తీసివేయి. మిస్సోరీలో 1994 నుంచి కూగర్ల ఉనికి ఆధారాలతో ధ్రువపడుతూ వస్తున్న మాట నిజమే, కానీ అవి పడమటి రాష్ట్రాల నుంచి దారి తప్పి వచ్చే ఒంటరి జంతువులు. కూగర్ తోక దాదాపు దాని మొండెమంత పొడవు. బాబ్‌క్యాట్ తోక జానెడు కూడా ఉండదు. తోక చూసినవారికి సందేహం ఉండదు, చూడనివారికి కథ చెప్పే అర్హత కొంచెం తగ్గుతుంది. నల్లటి కూగర్ చూశామనేవారు కూడా అమెరికా అంతటా ఉన్నారు, అటువంటిది ఒక్కటైనా శాస్త్రీయంగా నిర్ధారణ కాలేదు. కాలిఫోర్నియాలోనో కొలరాడోలోనో టర్కీ వేటకు వెళ్ళినవారికి కూగర్ ఎదురుకావచ్చు, అక్కడి కథ అక్కడివారు రాస్తారు. నీకు దక్కిన జంతువు నీకు చాలు.

తుపాకీ విషయం కూడా సరిచూసుకో. పొరుగింటాయన పిల్లివైపు గురిపెట్టి, చివరి నిమిషంలో జాలిపడి దించేశాడని రాశావు. మిస్సోరీలో బాబ్‌క్యాట్ వేటకాలం నవంబర్ మధ్యలో మొదలై చలికాలంలోనే ముగుస్తుంది. ఏప్రిల్‌లో దాన్ని కాల్చడం నేరం. ఆయన అనుభవజ్ఞుడైన వేటగాడు కాబట్టి ఆ సంగతి తెలియకుండా ఉండదు. ఆయన తుపాకీ నిజంగా ఎత్తాడా, లేక కథకు బరువు కావాలని నీవు ఎత్తించావా? ఎత్తి ఉంటే ఎందుకో అడిగి తెలుసుకో, ఆ జవాబు నీ జాలి వాక్యంకన్నా తప్పకుండా బాగుంటుంది. ఎత్తకపోతే ఆయన చేసిందేమిటో రాయి. నాకు తెలిసిన వేటగాళ్ళలో చాలామంది ఇటువంటప్పుడు చేసేది ఒక్కటే: కదలకుండా మామూలు గొంతుతో నాలుగు మాటలు మాట్లాడతారు. మనిషి గొంతు వినగానే పిల్లి వెళ్ళిపోతుంది. దక్షిణ మిస్సోరీలో ఉన్న నల్ల ఎలుగుబంటి ఎదురైనా, పరుగెత్తకుండా ఎదురుగా నిలబడి గొంతు వినిపిస్తూ మెల్లగా వెనక్కి తగ్గమనే చెబుతారు.

మన పాఠకులలో కొందరు అసలు వేటకు ఎందుకు వెళ్ళావని అడుగుతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తరువాత పుట్టిపెరిగిన మనకు వేట అంటే నేరమే. దానికి సంజాయిషీగా నీవు రాసిన పొడవైన పేరా నాకు నచ్చలేదు. ఎవరూ అడగకముందే క్షమాపణ చెప్పుకున్నట్టుంది. దాని బదులు రెండు వాస్తవాలు చెప్పి ముందుకు సాగు. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో అడవి టర్కీ అమెరికాలో అంతరించే స్థితికి చేరింది. పక్షులను వలలతో పట్టి ఖాళీ అయిన అడవుల్లో వదిలి, మళ్ళీ లక్షల సంఖ్యకు పెంచారు, మిస్సోరీ 1960లో వసంతవేటను తిరిగి ప్రారంభించగలిగింది. ఈ పనులకు డబ్బు చాలావరకు వేటగాళ్ళు కట్టే లైసెన్సు రుసుముల నుంచి, తుపాకులు, తూటాల మీద పన్నును రాష్ట్రాల వన్యప్రాణి సంరక్షణకు మళ్ళించిన 1937 నాటి చట్టం నుంచి వచ్చింది. ఆ తరువాత అంగీకరించడం, అంగీకరించకపోవడం పాఠకుడి ఇష్టం.

పిల్లి వెళ్ళిపోయిన తరువాత పుంజు మళ్ళీ కూసిందా లేదా అన్నది నీవు రాయలేదు. నాకు అన్నిటికన్నా తెలుసుకోవాలనిపించింది అదే. మీరు అక్కడే కూర్చుని మళ్ళీ పిలిచారా, లేచి చోటు మార్చారా, మళ్ళీ పిలిచినప్పుడు నీవు వీపుకు చెట్టు చూసుకున్నావా? ఇప్పుడున్న ముగింపులో అడవి గురించి, మనిషి అల్పత్వం గురించి ఉన్న పేరాను పూర్తిగా కొట్టివేసి, ఈ ప్రశ్నలకు జవాబుగా జరిగింది జరిగినట్టు రాసి పంపు. ఈసారి పొరుగింటావిడ మాటలు కూడా చేర్చు. నీ రచన మొత్తంలో ఆమె ఒక్కసారి కూడా నోరు విప్పలేదు, కానీ పిల్లిని మొదట చూసింది ఆమేనని నీవే రాశావు.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి