ఇంటి నంబరు కాదు, ఆధార్ నంబరు కావాలి

హైదరాబాద్

చిరంజీవి తమ్ముడికి,

నీ ముసాయిదా అందింది. న్యూట్రినోలనే సూక్ష్మ కణాలను పట్టే డిటెక్టర్ భాగాలకు నంబర్లు వేసే పద్ధతి రాయమంటే మొదటి పేజీన్నర న్యూట్రినోల గొప్పతనమే రాశావు. అది తీసెయ్. ఈ కాగితం చదివేది చేతులకు గ్లవ్స్ తొడుక్కుని, బల్ల మీద గాజు పలక పెట్టుకుని నిలబడ్డ టెక్నీషియన్. లేబుల్ ఎక్కడ అంటించాలో అతనికి మొదటి వాక్యంలోనే దొరకాలి.

అసలు తప్పు నంబరులోనే ఉంది. మాడ్యూలు, పొర, పొరలో స్థానం, మూడూ కలిపి '2-087-14' అన్నావు. అది మన ఊరి ఇంటి నంబరు: వార్డు, బ్లాకు, ఇల్లు. స్థలం పంచుకుంటే పక్కన గీత గీసి ఏ, బీ తగిలిస్తారు. అద్దెకున్నవాడు మారితే ఆ నంబరు ఇంకొకరిదవుతుంది. 87వ పొరలోది పాడై దాని చోట వేరేది పెడితే నీ 2-087-14 ఏది? పాతదా, కొత్తదా? పాతదాని టెస్టు ఫలితాలు కొత్తదాని ఖాతాలో పడతాయి. ఆధార్ చూడు. 12 అంకెల్లో రాష్ట్రమూ లేదు, వయసూ లేదు. మనిషి గచ్చిబౌలిలో ఉన్నా కుషాయిగూడలో ఉన్నా నంబరు అదే. భాగానికి అలాంటి నంబరు వెయ్యి. ఎక్కడుంది, ఎలా ఉంది అన్నవి డేటాబేస్‌లో తేదీతో మారే వివరాలు. భాగం ఏ రకమో చెప్పే అక్షరాలు మాత్రం ముందు ఉండనీ, అది మారదు కాబట్టి.

పరిమాణం అర్థం కావాలంటే విశేషణాలు వద్దు, గుణకారం చూపించు. తమిళనాడులోని తేని దగ్గర తలపెట్టిన న్యూట్రినో పరిశోధనశాల ఐఎన్ఓలో, ఇనుప పలకల డిటెక్టర్ ఐకాల్ డిజైన్ ప్రకారం 3 మాడ్యూళ్లు, ఒక్కోదాంట్లో 150 పొరల ఆర్‌పీసీలు (రెండు గాజు పలకల మధ్య గ్యాస్ ఉండే, కణం దాటితే సిగ్నల్ ఇచ్చే భాగాలు), పొరకు 64. మొత్తం 28,800. ఒక్కో ఆర్‌పీసీకి సిగ్నల్ అందుకునే స్ట్రిప్పులు అడ్డంగా 64, నిలువుగా 64. అంటే 36,86,400 ఛానెళ్లు. స్ట్రిప్పు స్ట్రిప్పుకూ లేబుల్ వెయ్యలేవని ఆ లెక్కే చెబుతుంది.

మరి దేనికి వెయ్యాలి? విడిగా టెస్టు చేసేదానికి, విడిగా విప్పి మార్చగలిగేదానికి. గాజు పలకలు అతికించిన గ్యాస్ గ్యాప్‌కు ఒకటి, రెండు స్ట్రిప్ ప్యానెళ్లకు చెరొకటి, ప్రతి బోర్డుకూ ఒకటి. జిగురుకు, రెండు గాజు పలకల మధ్య 2 మిల్లీమీటర్ల ఎడం నిలిపే బటన్లకు బ్యాచ్ నంబరు చాలు. కానీ ఆ బ్యాచ్ నంబరు గ్యాప్ రికార్డులో తప్పకుండా ఎక్కాలి. రేపు నాలుగు గ్యాప్‌లు లీకైతే ఒకే జిగురు డబ్బాతో అతికించినవి ఇంకెన్ని ఉన్నాయో వెతికేది దానితోనే. ఈ సంగతి నువ్వు ఒక్క ముక్కలో తేల్చేశావు, అరపేజీ ఇవ్వు.

నంబరు చివర సరిచూసే అంకె పెట్టమన్నావు, మంచిదే, కానీ ఎలాగో చెప్పలేదు. చేసి చూపించు. 00417 తీసుకో. కుడి నుంచి 3, 1, 3, 1, 3 తో గుణించు: 21, 1, 12, 0, 0. మొత్తం 34, పై పదికి 6 తక్కువ. నంబరు 00417-6. ఎవరైనా 00471-6 అని కొడితే మొత్తం 22 వస్తుంది, చివరి అంకె 8 కావాలి, కంప్యూటర్ ఒప్పుకోదు. అయితే పక్కపక్క అంకెల తేడా సరిగ్గా 5 అయితే, 16ను 61 అని కొడితే, ఈ పద్ధతి పట్టుకోలేదు. ఆధార్‌లో వాడే వెర్‌హాఫ్ పద్ధతి దాన్నీ పడుతుంది, కాకపోతే చేత్తో లెక్కించడం కష్టం. ఏది ఎంచుకున్నావో, ఏది వదులుకున్నావో రెండూ రాయి.

ఎక్సెల్ గురించి హెచ్చరిక పెట్టు. 00417 అక్కడ 417 అయిపోతుంది. 12E05 లాంటి కోడ్ 12 లక్షలుగా మారిపోతుంది. కాలమ్‌ను ముందే టెక్స్ట్‌గా మార్చమను. తేదీలు 2025-04-03 అనే రాయించు. 03/04 అంటే మనకు ఏప్రిల్ మూడు, అమెరికాలోని ఫెర్మీల్యాబ్ వాళ్లకు మార్చి నాలుగు.

ఇక లేబుల్. 'లేబుల్ అంటించబడవలెను' అని రాశావు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ? 'గ్యాప్‌కు జిగురు ఆరాక, టెస్టుకు ముందు, అంటించినవారే స్కాన్ చేస్తారు' అను. గాజు బయటి వైపు గ్రాఫైట్ పూత మీద కొన్ని వేల వోల్టులుంటాయి, అక్కడ వద్దు. పైన మధ్యలో అంటిస్తే ఇనుప పలకల మధ్యకు తోశాక కనబడదు. ఐకాల్‌లో ఆ సందు 4 సెంటీమీటర్లే. ముందు అంచు మీదే ఉండాలి, అక్కడ పట్టేది సెంటీమీటరు డేటా మ్యాట్రిక్స్ కోడ్, క్యూఆర్ లాంటి గళ్ల కోడ్. దాని పక్కనే కంటితో చదవగలిగే అంకెలు. కిరాణా బిల్లులాంటి థర్మల్ కాగితం పనికిరాదు, నెలల్లో వెలిసిపోతుంది. పాలియెస్టర్ లేబుల్ మీద రెసిన్ రిబ్బన్‌తో ముద్రించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ గుడ్డతో పదిసార్లు తుడిచి చూడమను. అచ్చు పోతే ఆ రిబ్బన్ వద్దు. ఓవెన్‌లోకి వెళ్లే బోర్డులకైతే వేడి తట్టుకునే పాలీఇమైడ్ లేబుల్. భాగం మీద కాకుండా దాని డబ్బా మీద అంటిస్తే డబ్బాకే నంబరు వేసినట్టు.

పాడైన భాగం నంబరు మళ్లీ వాడకూడదని రాశావు, సంతోషం. భాగం మార్చినప్పుడు 'ఈ భాగం ఈ చోట' అన్న పాత జతను చెరిపెయ్యకుండా విడదీసిన తేదీతో మూసెయ్యాలని కూడా చేర్చు. రవాణాలో 'పంపాం' ఒక స్కాన్, 'అందింది' ఇంకో స్కాన్. రెండోది లేకపోతే ఆ పెట్టె ఇంకా దారిలో ఉన్నట్టే లెక్క. టెస్టు ఫలితం పక్కన గది ఉష్ణోగ్రత, తేమ నింపకపోతే ఫారం సేవ్ కానివ్వకు. శ్రావణంలో తేమకు లీకేజీ కరెంటు పెరిగితే మంచి గ్యాప్‌నే పక్కన పడేస్తారు. స్ట్రిప్పుల నంబర్లు బోర్డు మీద 1 నుంచి 64, సాఫ్ట్‌వేర్‌లో 0 నుంచి 63 ఉంటే రెండూ పక్కపక్కన పట్టికగా వెయ్యి. 'ఒకటి కలుపుకోవాలి' అని వాక్యంలో చెబితే కలపాలో తియ్యాలో సగం మందికి గుర్తుండదు.

తిరగరాశాక నాకు పంపకముందు, ఈ పనితో సంబంధం లేని ఇద్దరికి చెరి ఐదు ఖాళీ పలకలు, లేబుల్ రోల్, నీ కాగితం ఇచ్చి పక్కన కూర్చో. నువ్వు నోరు విప్పకు. వాళ్లు ఏ లైను దగ్గర ఆగి నీ వైపు చూశారో ఆ లైన్ల కింద పెన్సిల్‌తో గీసి, ఆ ప్రతే నాకు పంపు.

ఆశీస్సులతో,
అన్నయ్య