మలేరియా మొక్క మందు క్యాన్సర్‌కు పనిచేస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది, కీమోథెరపీ నడుస్తోంది. మలేరియాకు వాడే ఆర్టిమిసినిన్ క్యాన్సర్ కణాలను చంపుతుందని చదివి ఆ క్యాప్సూల్స్ తెప్పించాం. వాడవచ్చా?

జవాబు: ఇప్పుడు మొదలుపెట్టకండి. అలాగని మీరు చదివినది వట్టి పుకారేమీ కాదు. మాచిపత్రి జాతికే చెందిన ఆర్టిమిసియా అన్నువా మొక్క నుంచి ఈ పదార్థాన్ని 1970లలో వేరుచేసిన పరిశోధనకు గాను చైనా శాస్త్రవేత్త తు యూయూకు 2015లో నోబెల్ బహుమతి లభించింది. ఇనుము తగిలినప్పుడు దీని అణువులోని ఆక్సిజన్ బంధం తెగి, కణాన్ని దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి; మలేరియా క్రిమి చనిపోయేది ఇలాగే. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాలు కూడా ఇనుమును ఎక్కువగా పీల్చుకుంటాయి కాబట్టి వాటిపైనా ఇది పనిచేయవచ్చన్న ఆలోచన వచ్చింది, ప్రయోగశాలలో పనిచేసింది కూడా.

మనుషుల విషయంలో ఆధారాలు ఇంకా తక్కువ. పెద్దపేగు క్యాన్సర్ రోగులకు ఆపరేషన్‌కు ముందు 14 రోజులు దీని రూపాంతరమైన ఆర్టెసునేట్ ఇచ్చి చూసిన అధ్యయనం ఒకటి 2015లో వెలువడింది. ఫలితాలు ఆశ కలిగించినా, అందులో చేరినవారు 23 మందే. అంత చిన్న సంఖ్యను నమ్ముకుని చికిత్స మార్చలేం.

మొక్క మందు కదా, హాని చేయదులే అనుకోవడం పొరపాటు. బిళ్లగన్నేరు నుంచి వచ్చే విన్‌క్రిస్టిన్ ఎంత శక్తిమంతమైన కీమో మందో క్యాన్సర్ వైద్యులందరికీ తెలుసు. ఆర్టిమిసినిన్‌ను రోజూ తీసుకుంటే కాలేయంలోని ఎంజైములు చురుకెక్కి రక్తంలో దాని మోతాదే పడిపోతుంది, ఇతర మందుల మోతాదు కూడా మారవచ్చు. ఈ క్యాప్సూల్స్ వాడినవారిలో కాలేయ వాపు కనిపించిన సందర్భాలున్నాయి. కీమో వల్ల ఎలాగూ తగ్గే తెల్ల రక్తకణాలు ఈ కోవ మందుల వల్ల ఇంకా తగ్గే ప్రమాదముంది.

ఆ సీసాను తదుపరి కీమోకు వెళ్లేటప్పుడు మీ క్యాన్సర్ వైద్యునికి చూపించండి. ఇప్పటికే కొన్ని వేసి ఉంటే దాచకుండా తేదీలతో సహా చెప్పండి. రక్తకణాల, కాలేయ పరీక్షలు చేయిస్తారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, జ్వరం వచ్చినా అప్పటిదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.