డిఫరెన్షియల్ ఆయిల్ గురించి అల్లుడికి ఒక ఉత్తరం

ఒరేయ్ అల్లుడూ,

సెకండ్ హ్యాండ్ పికప్ కొన్నానని, వెనక డిఫరెన్షియల్‌లో, అంటే ఇంజిన్ బలాన్ని వెనక రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టెలో, ఏ బ్రాండ్ ఆయిల్ మంచిదో చెప్పమని మెసేజ్ పెట్టావు. బ్రాండ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పెట్టె, అదే హౌసింగ్, లోపల ఏముందో నీకు తెలుసా? రెండు చక్రాలనూ వేర్వేరు వేగాలతో స్వేచ్ఛగా తిరగనిచ్చే మామూలు ఓపెన్ డిఫరెన్షియలా, ఒక్క చక్రమే జారి తిరక్కుండా కొంత పట్టి ఉంచే లిమిటెడ్ స్లిప్పా, రెండింటినీ కలిపి బిగించేసే లాకరా? అది తేలేదాకా డబ్బా కొనకు.

మాన్యువల్ చూడు, హౌసింగ్ మీద ట్యాగ్ ఉంటే మట్టి తుడిచి చదువు. పాత ఓనరు లోపల ఏమైనా మార్చేసి ఉంటాడేమోనని అనుమానం ఉంటే ఇంకో పని చెయ్యి. ముందు చక్రాలకు అడ్డం పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి స్టాండ్ల మీద నిలబెట్టి, గేరు న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్ బ్రేక్ తీసి, ఒక చక్రం చేత్తో తిప్పు. రెండోది ఎదురు తిరిగితే ఓపెన్, అదే వైపు తిరిగితే లిమిటెడ్ స్లిప్పో లాకరో. కాకపోతే బాగా అరిగిపోయిన లిమిటెడ్ స్లిప్ కూడా ఓపెన్ లాగే నటిస్తుంది, కాబట్టి దీన్ని మరీ గుడ్డిగా నమ్మకు.

ఎందుకింత చెబుతున్నానంటే, నేను దెబ్బ తిన్నాను. నా మొదటి ట్రక్కులో ఉన్నది లిమిటెడ్ స్లిప్ అని తెలీక మామూలు గేర్ ఆయిల్ పోశాను. రెండు రోజులకే, బండి మెల్లగా మలుపు తిప్పినప్పుడల్లా వెనక నుంచి కటకటమని చప్పుడు, సీటు దాకా వణుకు. బేరింగులు పోయాయన్నాడు మెకానిక్. విప్పించాను, డబ్బు కట్టాను, బేరింగులు బంగారంలా ఉన్నాయి! అసలు సంగతేమిటంటే, మలుపులో రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరగాలి, అప్పుడు లోపలి క్లచ్ ప్లేట్లు ఒకదాని మీద ఒకటి నున్నగా జారాలి. ఆ జారుడు కోసం ఆయిల్‌లో కలిపే ఫ్రిక్షన్ మోడిఫైయర్ అనే మందు లేకపోతే అవి పట్టుకుంటూ వదులుతూ ఉంటాయి, ఆ చప్పుడు అదే. చిన్న సీసా ఒకటి కలిపి, ఖాళీ మైదానంలో ఎనిమిది అంకె వేసినట్టు బండి తిప్పితే నోరు మూసుకుంది.

అలాగని మంచిదే కదా అని ఎక్కువ పోయకు. మరీ నున్నగా అయితే ప్లేట్ల పట్టే నిలవదు, బురదలో ఒక్క చక్రమే తిరుగుతూ కూర్చుంటుంది. కొన్ని ఆయిల్స్‌లో మోడిఫైయర్ కలిపే వస్తుంది, డబ్బా మీద రాసి ఉంటుంది, దానికి మళ్ళీ కలపకు. క్లచ్ ప్లేట్లు లేకుండా గేర్లతోనే నడిచే లిమిటెడ్ స్లిప్‌కైతే మామూలుగా దాని అవసరమే లేదు, కొన్నింటికి పోయొద్దని కూడా తయారీదారులే చెబుతారు.

ఇక గ్రేడు. డబ్బా మీద జీఎల్-5 అని ఉండాలి, గేర్ల ఒత్తిడికి ఆయిల్ ఎంత కాపు కాస్తుందో చెప్పే గుర్తు అది. ఇంజిన్ వైపు నుంచి వచ్చే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద గేరు క్రౌన్ వీల్ నడిమధ్యకు కాకుండా కాస్త కిందికి జరిగి ఉంటుంది కదా, అందుకని పళ్ళు తిరుగుతూనే ఒకదాని మీద ఒకటి రాసుకుంటాయి. ఆ ఒత్తిడికి ఆయిల్ పొర తట్టుకోలేదు. గంధకం, భాస్వరం ఉన్న అడిటివ్‌లు లోహం మీద వేరే పొర కట్టి కాపాడతాయి. మూత తీయగానే ముక్కు పగిలే ఆ కంపు దాని పుణ్యమే, చొక్కాకు అంటిందంటే మీ అత్తయ్య ఇంట్లోకి రానివ్వదు. మిగిలింది కదా అని మాన్యువల్ గేర్‌బాక్స్‌లో పోసేయకు, చాలావాటికి జీఎల్-4 కావాలి, అందులో గేరు మార్చేటప్పుడు వేగాలు కలిపే ఇత్తడి సింక్రో రింగులకు జీఎల్-5 పడకపోవచ్చు.

చిక్కదనం చెప్పే 75డబ్ల్యూ-90 అన్న నంబరు చూసి ఇంజిన్ ఆయిల్‌తో పోల్చకు, ఆ లెక్క వేరు, గేర్ ఆయిల్ 90 అంటే చిక్కదనంలో ఇంచుమించు ఇంజిన్ ఆయిల్ 40, 50ల దగ్గర ఉంటుంది. ట్రైలర్ లాగేవాళ్ళకు కొన్ని మాన్యువల్స్ 75డబ్ల్యూ-140 చెబుతాయి. నీది చెప్పకపోతే వద్దు, అనవసరంగా చిక్కటి ఆయిల్ పోస్తే దాన్ని చిలకడానికే డీజిల్ తగలేస్తావు. గేర్ల అరుపు నొక్కేద్దామని చిక్కటిది పోసేవాళ్ళున్నారు, అది మరీ తప్పు.

మార్చేటప్పుడు ఒక్కటి మాత్రం మరిచిపోకు: ముందు పైన ఆయిల్ పోసే ప్లగ్గు విప్పు, ఆ తర్వాతే కింది ప్లగ్గు. నేను తలకిందులుగా చేసి, ఆయిలంతా దించేశాక పైది తుప్పుపట్టి కదలక, బండిని అక్కడే రెండు రోజులు వదిలేశాను. బండి సమతలంగా ఉంచి, ఆయిల్ రంధ్రం కింది అంచు దాకా వచ్చేంతవరకే పొయ్యి.

ప్లగ్గుకు అయస్కాంతం ఉంటే దాన్ని వేళ్ళతో తుడిచి చూడు. కాటుకలా మెత్తగా, బూడిదరంగులో ఉంటే మామూలు అరుగుదలే. వేళ్ళకు గుచ్చుకునే ముక్కలు ఉంటే ఆయిల్‌తో పోయే జబ్బు కాదది. దిగిన ఆయిల్ పాలు కలిపిన టీలా ఉందంటే నీళ్ళు చేరాయి. వేడి మీదున్న హౌసింగ్ చల్లటి నీళ్ళలోకి దిగితే లోపలి గాలి ముడుచుకుని, గాలి వచ్చిపోయే బ్రీదర్ గొట్టం గుండా నీళ్ళు పీలుస్తుంది, కాబట్టి ఆ గొట్టం కూడా చూసుకో.

ముందు ట్యాగ్ ఫోటో తీసి పంపు. మెకానిక్ అప్పుడే డబ్బా తెచ్చేశానంటే, మూత తీయించకు.

మీ మామయ్య