రోమ్‌లో మొదటి రోజు: గది చేతికొచ్చేదాకా ఏం చేయాలి?

పొద్దున ఏడింటికి రోమ్ విమానాశ్రయం ఫియుమిచినోలో దిగుతాం, గది మూడింటికి గానీ ఇవ్వరు, వాటికన్ మ్యూజియం టికెట్లు అదే రోజుకి తీసుకున్నాం అన్నారు కదా. ముందు ఆ టికెట్లు మర్నాటికి మారతాయేమో చూడండి. నిద్రలేని కళ్లతో అంత పెద్ద మ్యూజియం తిరిగితే, పైకప్పు నిండా బొమ్మలున్న సిస్టీన్ చాపెల్ చేరేసరికి తల పైకెత్తే ఓపిక కూడా ఉండదు. మేమిద్దరం అక్కడే పోట్లాడుకున్నాం లెండి!

విమానాశ్రయం నుంచి లియొనార్డో ఎక్స్‌ప్రెస్ రైలు 32 నిమిషాల్లో నగరంలోని పెద్ద స్టేషన్ టెర్మినిలో దింపుతుంది. గది సిద్ధం కాకపోయినా చాలా హోటళ్లు సామాను ఉంచుకుంటాయి, ముందే మెయిల్ పెట్టండి. తర్వాత తీరిగ్గా నడవండి: ట్రెవి ఫౌంటెన్, పాతకాలపు రోమన్ గుడి పాంథియన్, పియాజ్జా నవోనా అనే కూడలి ఒకదానికొకటి దగ్గరే. పాంథియన్‌కి 2023 నుంచి టికెట్ ఉంది. నీళ్లు కొనకండి, వీధుల్లోని ‘నసోనె’ కుళాయిల నీళ్లు తాగొచ్చు. కాఫీ కౌంటర్ దగ్గర నిలబడి తాగితే చవక. మూడింటికి గదిలో పడుకుంటే మాత్రం గంట తర్వాత మోగేలా అలారం పెట్టుకోండి.