సర్వర్లు ఆపే పనికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మా బాబు హన్మకొండల బీఎస్సీ కంప్యూటర్స్ పూర్తి చేసిండు. హైదరాబాద్‌ల ఒక డేటా సెంటర్‌కు క్లస్టర్ ఆపరేటర్‌గా రమ్మంటున్నరు. స్క్రీన్ మీద మెసేజ్‌లు చూసుడు, చెప్పినప్పుడు సర్వర్లు బంద్ చేసుడు, మళ్ల చాలు చేసుడు పనట. నైట్ షిఫ్టులే ఎక్కువ. దీనికి పంపాల్నా, కోడింగ్ కోర్సుల చేర్పించాల్నా?
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: పంపండి. అయితే వచ్చిన మెసేజ్‌ను పైవాళ్లకు పంపడంతోనే ఆగిపోతే మీ బాబు ఎదగడు. మెసేజ్ ఎందుకొచ్చిందో, ఏ సర్వర్‌ను ఏ వరుసలో ఆపాలో తెలిసినవాడే రెండేళ్లలో సిస్టమ్ అడ్మిన్ అవుతాడు.

సర్వర్లలో వాడే ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో మెసేజ్‌ల తీవ్రత 0 నుంచి 7 వరకు ఉంటుంది. 0 అంటే యంత్రం పనికిరాని స్థితి, 3 అంటే ఎర్రర్, 7 అంటే డీబగ్ సమాచారం. కొత్తవాళ్లు తీవ్రత ఒక్కటే చూసి తొందరపడతారు. చూడాల్సింది ఆ వరుసలో మొట్టమొదట ఏ మెసేజ్ వచ్చిందని. ఉదాహరణకు 40 నోడ్‌ల క్లస్టర్‌లో, అంటే కలిపి పనిచేసే 40 సర్వర్లలో, ఫైళ్లు దాచే స్టోరేజ్‌కు వెళ్లే స్విచ్ పోర్ట్ పోయిందనుకోండి. 40 నోడ్‌లూ ‘ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ స్పందించడం లేదు’ అని అదేపనిగా మొత్తుకుంటాయి (ఎన్‌ఎఫ్‌ఎస్ అంటే నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి). అన్ని లైన్లలోనూ ఒకే సర్వర్ పేరు ఉందంటే జబ్బు నోడ్‌లలో లేదని అర్థం. అప్పుడు కంగారుపడి నోడ్‌లను రీబూట్ చేస్తే నడుస్తున్న జాబ్‌లన్నీ, అంటే వాడేవాళ్లు ఇచ్చిన పనులన్నీ, పోతాయి. స్టోరేజ్ తిరిగి వచ్చేదాకా ఆగే ‘హార్డ్ మౌంట్’ పద్ధతిలో కలిపి ఉంటే నోడ్‌లు ఎదురుచూస్తాయి, పోర్ట్ బాగుచేయగానే చాలా జాబ్‌లు ఆగిన చోటు నుంచే సాగుతాయి. ఈ వరుస పట్టుకోవాలంటే అన్ని నోడ్‌ల లాగ్‌లూ (మెసేజ్‌ల రికార్డులు) ఒకే లాగ్ సర్వర్‌కు చేరాలి, గడియారాలన్నీ ఒకే టైమ్ చూపాలి.

ఇక ఆపడం. జాబ్‌లను నోడ్‌లకు పంచే సాఫ్ట్‌వేర్ స్లర్మ్ నడిచే క్లస్టర్‌లో ఒక నోడ్‌ను ఆపాలంటే ముందు డ్రెయిన్‌లో పెట్టాలి. కొత్త జాబ్‌లు రావు, ఉన్నవి పూర్తవుతాయి. కారణం రాయందే స్లర్మ్ డ్రెయిన్‌కు ఒప్పుకోదు. అక్కడ ‘టెస్ట్’ అని రాసి వదిలేస్తే తర్వాతి షిఫ్టువాడికి ఏమీ తెలియదు. ‘రెండో ర్యామ్ స్లాట్‌లో ఎర్రర్లు, విడిభాగం కోసం ఆగింది’ అని పూర్తిగా రాయాలి. మొత్తం క్లస్టర్ ఆపాల్సి వస్తే మెయింటెనెన్స్ రిజర్వేషన్ వేస్తారు, అంటే ఆ టైమ్‌ను ముందే మరమ్మతుకు కేటాయిస్తారు. ఒక జాబ్‌కు గరిష్ఠంగా 72 గంటలు ఇస్తుంటే, రిజర్వేషన్ కూడా కనీసం 72 గంటల ముందే వేయాలి. ఆ సమయంలోపు పూర్తికాని జాబ్‌లు మొదలవకుండా ఉంటాయి, ఎవరి పనీ మధ్యలో తెగదు.

ఆపే వరుస: ముందు జాబ్‌లు నడిపే కంప్యూట్ నోడ్‌లు, తర్వాత వాడేవాళ్లు లోపలికి వచ్చే లాగిన్ నోడ్, అన్నింటినీ నడిపించే హెడ్ నోడ్, చివర స్టోరేజ్. స్టోరేజ్ ముందే ఆపితే మిగతావి దాన్ని అన్‌మౌంట్ చేయలేక (విడదీసుకోలేక) షట్‌డౌన్ మధ్యలోనే బిగుసుకుంటాయి. చాలు చేసేటప్పుడు స్విచ్‌లు, స్టోరేజ్ మొదలుకొని తిరగేసి రావాలి. లాగిన్ నోడ్‌కు షట్‌డౌన్ కమాండ్‌లోనే ‘+15’ (15 నిమిషాల తర్వాత) అని టైమ్, పక్కన కారణం ఇస్తే లోపల ఉన్నవాళ్లందరికీ హెచ్చరిక వెళ్తుంది. చివరి 5 నిమిషాల్లో కొత్త లాగిన్‌లు ఆగిపోతాయి. పొరపాటైతే ‘-సి’ ఆప్షన్‌తో రద్దు చేయొచ్చు.

ఒక సర్వర్ పోయినా సర్వీసు ఆగకుండా చూసే పేస్‌మేకర్ సాఫ్ట్‌వేర్ క్లస్టర్ల లెక్క వేరు. పంచాయతీ మీటింగ్‌కు కోరం ఉన్నట్టే వీటికీ కోరం ఉంటుంది: 3 నోడ్‌లకు 2, 5 నోడ్‌లకు 3. మూడింట్లో రెండింటిని ఒకదాని తర్వాత ఒకటి ఆపితే మూడోది బాగానే ఉన్నా సర్వీసులు ఆపేస్తుంది. అందుకే ఒక్కదాన్ని ఆపాలంటే ముందు స్టాండ్‌బై చేయాలి (దాని సర్వీసులు పక్క నోడ్‌లకు మార్చాలి), మొత్తం ఆపాలంటే అన్నింటినీ ఒకేసారి ఆపే కమాండ్ వాడాలి. చెప్పాపెట్టకుండా కేబుల్ పీకితే మిగతా నోడ్‌లు దాన్ని ఫెన్సింగ్ చేసి, అంటే పవర్ కోసి, బలవంతంగా రీబూట్ చేస్తాయి.

తిరిగి చాలు చేశాక ఎక్కువగా ఇబ్బంది పెట్టేది గడియారం. బోర్డు మీది బ్యాటరీ అయిపోయిన నోడ్ తప్పుడు టైమ్‌తో లేస్తుంది. 5 నిమిషాలకు మించి తేడా ఉంటే నోడ్‌ల గుర్తింపు సరిచూసే సాఫ్ట్‌వేర్ మంజ్ దాన్ని నమ్మదు, ఆ నోడ్ స్లర్మ్‌లో చేరదు. కొత్తవాళ్లు నెట్‌వర్క్‌ను తిట్టుకుంటూ గంటలు పోగొట్టుకునేది ఇక్కడే.

చేరేలోపు ఇంట్లోనే నేర్చుకోవచ్చు. 8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో ఒకే కంప్యూటర్‌లో పలు యంత్రాలు నడిపే వర్చువల్‌బాక్స్ వేసి, ఒక్కోదానికి 1 జీబీ చొప్పున మూడు డెబియన్ (ఒక రకం లినక్స్) యంత్రాలు పెట్టండి. ఒకటి స్టోరేజ్, రెండు నోడ్‌లు. కావాలని స్టోరేజ్‌ను ముందు ఆపి ఏమవుతుందో చూడమనండి. ఒక నోడ్ టైమ్ పది నిమిషాలు వెనక్కి జరిపి చూడమనండి. వరంగల్‌లో మాటిమాటికీ కరెంటు పోయే ఎండాకాలం అయితే, యూపీఎస్ సిగ్నల్‌తో వాటంతటవే వరుసగా ఆగేలా స్క్రిప్ట్ రాయడం మంచి అభ్యాసం. కోడింగ్ కోర్సుకు పెట్టే డబ్బు వృథా అనను, కానీ ఈ దారిలో ముందు కావాల్సింది లినక్స్. రెడ్ హ్యాట్ కంపెనీ పెట్టే లినక్స్ అడ్మిన్ పరీక్ష ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ 3 గంటలు, అంతా చేసి చూపించేదే, 300కు 210 మార్కులు రావాలి. ఉద్యోగం చేస్తూ మొదటి ఏడాదిలో రాయొచ్చు.

ఆఫర్ ఒప్పుకునే ముందు కంపెనీని నాలుగు విషయాలు అడగమనండి. డ్రెయిన్, రీబూట్ ఆపరేటరే చేస్తాడా, టికెట్ (సమస్య నమోదు) రాసి పైకి పంపడమేనా? షట్‌డౌన్ పద్ధతి రాతలో ఉందా? ఎల్‌2కు (పై స్థాయి సపోర్ట్ పనికి) ఎన్నాళ్లకు మారుస్తారు? నైట్ షిఫ్టుకు క్యాబ్, అలవెన్స్ ఉన్నాయా? మొదటిదానికి ‘టికెట్ రాయడమే’ అంటే, జీతం కొంచెం తక్కువైనా చేతికి పని ఇచ్చే ఇంకో చోటు చూడండి.