సర్దుబాటు పేరుతో సారు వెళ్లిపోతే?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. ప్రాథమిక పాఠశాలలో 64 మంది పిల్లలు, ముగ్గురు సార్లు. బడి తెరిచిన నెలకే ఒక సారును పక్క ఊరికి పంపిండ్రు. ఇది బదిలీయా?

జవాబు: కాదు, పని సర్దుబాటు. పోస్టు, జీతం మీ బడి పేరు మీదే ఉంటాయి, పాఠం మాత్రం అక్కడ చెబుతారు. అందుకే కాగితం మీద మీకు ఖాళీయే కనిపించదు. అసలు చిక్కు ఇదే.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది వరకు ఇద్దరు, 61 నుంచి 90 వరకు ముగ్గురు ఉండాలి. మీకు ముగ్గురు రావాల్సిందే. అయితే పైవాళ్లు చూసేది హాజరు పట్టీ కాదు, యూడైస్‌ (దేశంలోని బడుల, పిల్లల వివరాలు నమోదయ్యే సర్కారు పోర్టల్‌) ఆన్‌లైన్‌ లెక్క. ప్రైవేటు బడి నుంచి వచ్చిన పిల్లల పేర్లను ఆ బడి డ్రాప్‌బాక్స్‌లో (అదే పోర్టల్‌లో బడి వదిలిన పిల్లల జాబితా) వదలకపోతే మీ ఖాతాలోకి ఎక్కవు. అట్లా ఐదుగురు ఆగినా 64 కాస్తా 59 అవుతుంది, ఒక సారు ‘మిగులు’ తేలుతారు.

హెచ్‌ఎం దగ్గర రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి పోల్చండి. ఎక్కని పేర్లు, వాళ్ల పెన్‌ నంబర్లు (యూడైస్‌లో ప్రతి పిల్లకూ ఇచ్చే శాశ్వత నంబరు) రాసి, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ తీర్మానం జతచేసి ఎంఈఓకు (మండల విద్యాధికారికి) ఇవ్వండి. నకలు మీద ముద్ర, తేదీ వేయించుకోవడం మరవద్దు. కదలిక లేకుంటే సోమవారం నల్లగొండ కలెక్టరేట్‌లో ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణి ఉంది. కోపంతో పిల్లలను మాన్పించకండి, ఉన్న సంఖ్యా తగ్గుతుంది.