ఫిజిక్స్ చదివిన పాప చరిత్ర వైపు వెళ్తానంటే

ప్రశ్న: మా పాప తిరుపతిలో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. ఎమ్మెస్సీ వద్దు, సైన్సు చరిత్ర మీద పరిశోధన చేస్తా, దానికోసమే బెర్లిన్‌లో ఒక సంస్థ ఉంది అంటోంది. దాంతో బతుకు గడుస్తుందా సార్? - ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: అయ్యా, పాప చెప్పింది నిజమే. 1994లో మొదలైన మాక్స్ ప్లాంక్ సైన్సు చరిత్ర సంస్థ అది. గ్రహాలు ఎలా తిరుగుతాయన్నది కాదు, ఆ సంగతి మనిషికి ఎలా తెలిసింది, దేనితో కొలిచాడు, ఎవరు ఒప్పుకోలేదు అన్నది అక్కడ వెతుకుతారు. అయితే డిగ్రీ అయిన వెంటనే చేరే కాలేజీ కాదది. పీహెచ్‌డీ పట్టా కూడా యూనివర్సిటీలే ఇవ్వాలి. బెర్లిన్ మాట కొన్నేళ్లు పక్కన పెట్టండి.

ఎమ్మెస్సీ మాత్రం మానొద్దనండి. ఎందుకంటే, మన పాత ఖగోళ గ్రంథాల్లో పద్యంలో ఇమడాలని అంకెల బదులు మాటలు వాడారు. ఆకాశం అంటే సున్నా, వేదం అంటే నాలుగు, కన్ను అంటే రెండు. 'ఆకాశం, వేదం, కన్ను' అని వరసగా ఉంటే వెనక నుంచి చదివి 240 అనుకోవాలి. సంస్కృతం వచ్చినవారు ఆ మాటల గుట్టు విప్పుతారు. ఆ 240 గ్రహగతికి సరిపోయిందా లేదా అని తేల్చడానికి ఫిజిక్స్ కావాలి. రెండూ ఒకే మనిషికి రావడం అరుదు. మీ పాపకు చోటు ఉన్నదల్లా అక్కడే.

సంస్కృతం నేర్చుకోవడానికి తిరుపతిని మించిన ఊరు నాకు తట్టడం లేదు. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయం అక్కడే ఉంది. ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలున్నాయి. అనుమతి అడిగి ఒక్క ఆకు చూడమనండి. గంటంతో గీసిన అక్షరం మసి పూస్తేగానీ కంటికి ఆనదు. మాటకూ మాటకూ మధ్య ఎడం ఉండదు. ఒక పూటంతా దాని ముందు కూర్చున్నాక కూడా లేవబుద్ధి కాలేదంటే, దయచేసి ఆ పిల్లను ఆపకండి. తెలుగుతో మొదలుపెట్టాలనుకుంటే పావులూరి మల్లన ఉన్నాడు. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినవాడు. మూలాన్నీ తెలుగునూ పక్కపక్కన పెట్టి, ఎక్కడెక్కడ మార్చాడో రాసుకోమనండి.

డబ్బు సంగతి దాచను. ఈ రంగంలో ఉద్యోగాలు తక్కువ. పరిశోధన చేసేవారికిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, చదువు సాగుతుంది. ఎమ్మెస్సీ చేతిలో ఉంటే ఫిజిక్స్ చెప్పుకునే దారి ఎప్పుడూ ఉంటుంది. ఐఐటీ బాంబేలో సంస్కృత శాస్త్ర గ్రంథాల మీద పనిచేసే విభాగం ఉంది, బెర్లిన్ కంటే ముందు అక్కడి పరిశోధకులు రాసినవి చదవాలి. ఈ ఏడు ఎమ్మెస్సీలో చేర్చండి, సాయంత్రాలు సంస్కృతానికి పంపండి. రెండేళ్ల తర్వాత పాపనే నాకు ఉత్తరం రాయమనండి.